దొంగ వేషము

గత శ్రావణమాసములో నొకనాడు ఎనిమిదవ తరగతిలో సంధిసూత్రములు చెప్పుచుండగా, కడపటి బల్లమీది బాలు డొకడు వ్యాకరణము మాటున మఱియొక పుస్తకము నుంచుకొని, తనలో తాను నవ్వుకొనుచుండుట మా కంటబడెను. సవర్ణదీర్ఘసంధిలో నవ్వదగిన దేమియు లేదు గనుక మేము సమీపించి యా పుస్తకమును లాగికొంటిమి. అది యొక బొమ్మల కథల పుస్తకము. వాని మేనమామ అమెరికానుండి వచ్చుచు తెచ్చి యిచ్చినదట. సాయంకాలము తిరిగి యిత్తుమని చెప్పి సంచిలో వేసికొంటిమి గాని, ఇచ్చునప్పటికి మూడు దినములు గడచినవి. ఈ యాలస్యము శిక్షకొఱకు గాదు. మేమే దానిని చదువుచుంటిమి. ఒకమారు గాదు, రెండుమారులు చదివితిమి. మొదటిమారు నవ్వితిమి. రెండవమారు నవ్వలేకపోతిమి. ఆ రెండుమారుల నడుమ మాకేమి కలిగినదో చెప్పుటకే యీ వ్యాసము.

బొమ్మల పుస్తకమును గూర్చి వ్యాసమేమని పెద్దలు కొందఱు ముఖము చిట్లింపవచ్చును. పిల్లల చేతికి మనము దేని నిచ్చుచున్నామో అది విచారింపదగినదే యని మా యభిప్రాయము. పంచతంత్రమును మాత్రము నక్కలకొఱకు వ్రాసిరా?

పుస్తకము పేరు 'సూపర్ మారియో అడ్వెంచర్స్'. కథ వ్రాసినవాడు తకెకుమ కెంతారో అను జపానువాడు. బొమ్మలు వ్రాసినవాడు చార్లీ నొజావా యను మాఱుపేరు గల జపాను చిత్రకారుడు. అమెరికాలో 1988 మొదలు 2012 వఱకు నడచిన 'నింటెండో పవర్' అను పత్రికలో 1992వ సంవత్సరమున ఈ కథ నెలనెలకు ప్రకటింపబడినది. 2016లో విజ్ మీడియా వారు దానిని మరల గ్రంథముగా ముద్రించిరి. తకెకుమ సామాన్యుడు గాడు. ఐహారా కోజి యను మిత్రునితో గూడి, కోతి సైతము మాంగా వ్రాయవచ్చునని బోధించునట్టి పరిహాసగ్రంథమును రచించి, తన వృత్తిలోని కపటమునంతయు బయటబెట్టినవాడు. ఏ పాత్ర ఎట్లు పుట్టునో, ఎందులకు పుట్టునో ఎఱిగిన చేయి అది.

మారియో యెవడో యెఱుగని చదువరులు తమ మనుమలను పిలిచి యడిగిన వారే చెప్పుదురు. అయినను క్లుప్తముగా చెప్పెదము. క్యోటో నగరమున 1889లో పూలబొమ్మల పేకలు చేయుటకై స్థాపింపబడిన నింటెండో సంస్థ, శతాబ్దము తిరుగకమున్నే వీడియో గేముల సంస్థయైనది. 1981లో 'డాంకీ కాంగ్' అను నాటలో మియమొతో షిగెరు అను నాతడు పీపాల మీదుగా దుముకు నొక వడ్రంగిని కల్పించెను. అమెరికాలో ఆ సంస్థ గిడ్డంగి యజమాని పేరు మారియో గావున, ఆ పేరే యా వడ్రంగికి తగిలినది. పిదప వాడు గొట్టములు బాగుచేయు పనివాడై, 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' అను నాటతో ప్రపంచములోని పిల్లలకందఱకు నాయకుడయ్యెను. ఎఱ్ఱటోపి, మీసము, ఎడతెగని సంతోషము. వాని లక్షణము లింతియే.

నాయకు డున్నప్పుడు ప్రతినాయకు డుండవలెను గదా. 1992లో గేమ్ బాయ్ అను చేతిపెట్టెకొఱకు 'సూపర్ మారియో లాండ్ 2' అను నాట వెలువడినది. దానిలో తొలిసారి కానవచ్చినవాడే మా కథానాయకుడు, కాదు, మా కథాప్రతినాయకుడు: వారియో. కియొతకె హిరోజి యను నాతడు వాని రూపమును కల్పించెను. జపాను భాషలో 'వరుయి' అనగా చెడ్డ. చెడ్డ మారియో గనుక వారియో. రోమను లిపిలో మారియో టోపిమీది 'ఎమ్' అను నక్షరమును తలక్రిందు చేసిన 'డబ్లియూ' అగును. దానినే వారియో టోపిమీద అతికించిరి. ఇచట తెలుగు పంతులమైన మాకొక చిన్న సంతోషము కలిగినది. చదువరులు క్షమింపుదురు గాక. మన లిపిలో వకారమునకు ప్రక్కన తోక తగిలించిన మకార మగును. ఈ చిక్కుచేతనే వకారమునకు కొమ్ము నిచ్చునపుడు ప్రక్కగా గాక క్రిందినుండి యిమ్మని ఒకటవ తరగతి పిల్లలకు చెప్పుచుందుము. జపానువారికి వారియో మారియోను త్రిప్పి వేసిన యాకారము. మనకు తోక తెగిన మారియో. ఏ లిపిలో జూచినను వానికి తనదైన యక్షరము లేదు.

మారియో దూరదేశమునకు పోయిన సమయమున వారియో వాని కోటను ఆక్రమించి, అచటి ప్రజలమీద మాయ ప్రయోగించి, తానే వారి ప్రభువనియు మారియోయే శత్రువనియు వారిచేత నమ్మించును. ఆఱు బంగారునాణెములను సంపాదించి కోటతలుపు తెఱచి వానిని తఱిమివేయుటయే యాట. చిన్ననాటినుండి మారియో కీర్తిని జూచి యోర్వలేకపోవుట వాని దుష్టత్వమునకు కారణమని యాటతోడి చిన్నపుస్తకము చెప్పును. ఆటలో నింతకంటె విచారము లేదు. ఉండనక్కఱయు లేదు.

1993 జనవరి సంచికలో తకెకుమయు నొజావాయు ఆ యాటను బొమ్మల కథగా మార్చినపుడు, ఈ 'ఓర్వలేనితనము' అను మాటను విప్పిచూచిరి. అది కొలది పుటల కథ. వారియో తన చిన్ననాటి చెలికాడైన మారియోను తన కోటకు రమ్మని స్నేహముగా పిలుచును. మారియో సంతోషముతో బయలుదేరును. ఆ పిలుపు కపటము. పగ తీర్చుకొనుటకు పన్నిన పన్నుగడ. ఆ పగ యేమి? చిన్నతనములో వారిద్దఱు కౌబాయిల యాట ఆడుకొనెడివారు. ఆ యాటలో మారియో ఎల్లప్పుడు షెరీఫు, అనగా ఊరికాపు. వారియో ఎల్లప్పుడు పశువుల దొంగ. ఒక్కనాడైనను వేషములు మారలేదు. అంతే. కోటలు, మాయలు, యుద్ధములు అన్నియు దీనినుండి పుట్టినవి. కథ యెట్లు ముగియునో చెప్పము. పిల్లలకొఱకు కొనదలచినవారి సంతోషమును చెఱుపనేల?

మొదటిమారు చదివినపుడు మేము ఈచోటనే నవ్వితిమి. పెద్దకారణమును వెదకబోయి చిన్నకారణము దొరికిన నవ్వు వచ్చుట సహజము. కొండను త్రవ్వి యెలుకను పట్టినట్లు. హాస్యమును గూర్చి ప్రాచీనులు చెప్పినదియు నిట్టిదే. నవ్వు పుట్టించు లోపము బాధ గాని నాశము గాని కలిగింపని లోపమని అరిస్టాటిలు నిర్వచించెను. హాస్యనాటకపు ముసుగు వికారమైనదే కాని, దానిలో నొప్పి కానరాదని యాతడు దృష్టాంతము చెప్పెను. మన భరతాచార్యుడు హాస్యమునకు కారణములు చెప్పుచు, వికృతవేషము, వికృతాలంకారము, తిండిపోతుతనము, పొంతనలేని ప్రేలాపము, అంగవైకల్యము చూచుట మొదలగువానిని వరుసగా పేర్కొనెను. చదువరులు వారియో బొమ్మను ఎదుట నుంచుకొని యీ పట్టికను చదువుదురు గాక. వాడు స్థూలకాయుడు, ముక్కు ఉబ్బి యుండును, మీసము ఱంపపుపండ్లవలె వంకరలు దేలియుండును, వెల్లుల్లి వాని ప్రియాహారము. క్యోటోలోని చిత్రకారుడు నాట్యశాస్త్రమును చదివి యుండడు. చదువకయే యంతయు పాటించెను. కావున ఈ పద్ధతి శాస్త్రమునుండి పుట్టినది గాదు; మనుష్యుని నవ్వులోనే యున్నది.

ఆ శాస్త్రమునందే యొక వాక్యము మమ్ము బహుకాలముగా బాధించుచున్నది. హాస్యరసము స్త్రీలయందును నీచప్రకృతులయందును అధికముగా కానవచ్చునని భరతుడు చెప్పెను. ఉత్తములకు చిఱునవ్వు చాలునట, అధములకు అట్టహాసము. ఎవరు నవ్వవలెనో దీనివలన తెలియుచున్నది. ఎవరిని జూచి నవ్వవలెనో కూడ తెలియుచున్నది. సభలో కూర్చున్నవాడు ఉత్తముడు. రంగముమీద పొట్ట ఊపుకొనుచు తిరుగువాడు నీచుడు. రూపము వికృతమైనచో గుణమును వికృతమే యని లోకము ఊహించును. వారియో దొంగ గనుక లావుగా వ్రాసిరా, లావుగా నున్నాడు గనుక చిన్ననాడు దొంగను చేసిరా? ఇద్దఱు పిల్లలు పెరటిలో ఆడుకొన బోవుచున్నారు. ఒకడు చుఱుకైనవాడు, అందఱికిని ప్రియుడు. రెండవవాడు మొద్దు, లావు, గొంతు పెద్దది. దొంగ ఎవడో వేఱుగా నిర్ణయింప బనిలేదు. ఎవరును నిర్ణయింపలేదు కూడ. అదే యందలి ఘోరము.

మారియో పక్షమున చెప్పదగినది లేకపోలేదు. ఆట యాటయే. దొంగ లేనిదే కాపులేడు. ఎవడో యొకడు ఆ వేషము వేయవలెను. ఆడుకొన్నంతసేపు ఆడుకొని ఇంటికి పోయి అన్నము తిన్నవాడు మఱునాటికి మఱవవలదా? ఇట్టి యల్పమును మనస్సున బెట్టుకొని కోట లాక్రమించువాడు మొదటినుండియు కుత్సితుడే యై యుండవలెను. ఈ వాదమును మేము ఒక రాత్రియంతయు నెమరు వేసితిమి. దానిలో లోపమెచట నున్నదో మాకు తుదకు తోచినది: అల్పము అను మాటలో నున్నది. ఏది యల్పమో నిర్ణయించువా డెవడు? మారియోకు ఆ యాటలు తీయని జ్ఞాపకములు. పాత చెలికాడు పిలిచినంతనే సంతోషముతో బయలుదేరినాడు గదా! వానికి కపటము లేదు. పాప మనిపించునంతటి నిష్కపటుడు. ఒకే పెరడు, ఒకే సాయంకాలము, ఒకే యాట. ఒకని నోటిలో బెల్లమైనది, మఱియొకని నోటిలో వేపకాయ యైనది. చేసినవాడు మఱచును, పడినవాడు మఱవడు. మఱచినవాని తూకము ప్రకారము నేరమును తూచుట న్యాయమా?

ఇంకొకటి. దొంగ లేనిదే యాట లేదనుట నిజమే. అదే దొంగ లేనిదే యాట లేదనుట నిజము గాదు. వేషములు మార్చుకొనవచ్చును. మార్చుకొనలేదేమి? వేషములు పంచువాడు దొంగవేషమును తనకొఱకు ఉంచుకొనడు గనుక. లోకములో ఏ యాటను జూచినను, ఏ వ్యవస్థను జూచినను, పంచునట్టి చేతికి దొంగవేషము అంటుకొనదు. పంచువాడు దుష్టు డయ్యెనా తెలిసికొనుట సులభము. వాడు మారియోవలె మంచివాడైనచో తెలిసికొనుట కష్టము. వానికే తెలియదు.

ఈ వాక్యములు వ్రాయుటకు మాకు అధికార మెచటినుండి వచ్చినదో చెప్పక తప్పదు.

మేము ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించి యిరువదిరెండేండ్లు గడచినవి. ప్రవేశించిన నాటినుండి వార్షికోత్సవపు నాటకము మా భారమే. ప్రథమ సంవత్సరములలో మా తరగతిలో నల్లగా, లావుగా, గొంతు పెద్దదిగా నున్న బాలు డొక డుండెను. మొదటి యేడు 'బకాసురవధ' వేయించితిమి; వానిని బకాసురుని చేసితిమి. బండెడన్నము తినునట్లు నటించి, అఱచి, భీమునిచేత దెబ్బలు తిని, కాళ్లు పైకెత్తి పడిపోయెను. సభయంతయు పొట్ట చెక్కలగునట్లు నవ్వెను. రెండవ యేడు కుంభకర్ణుడు. మూడవ యేడు హిరణ్యకశిపుని భటుడు. ఏనుగు తొండముచేత విసరివేయబడి పడిపోవువాడు. ప్రతియేడు రాముడు, భీముడు, ప్రహ్లాదుడు ఎవరెవరో వచ్చి పోయిరి. తెల్లనివారు, సన్ననివారు, పెద్దల బిడ్డలు. పడిపోవువాడు మాత్రము మారలేదు. ఒకనాడు అభ్యాసము ముగిసిన పిమ్మట వాడు మా బల్లకడ నిలువబడి, "మాష్టారూ, ఈసారి నాకు పద్యాలున్న వేషం ఇవ్వండి. నాకు పాడటం వచ్చండీ" అని యడిగెను. మేము వాని వీపు తట్టి, "నువ్వు లేకపోతే జనం ఎందుకొస్తారురా?" అంటిమి. అది మెచ్చుకోలు అని మా నమ్మకము. ఆ మాట చెప్పినందులకు ఆనాడు మాకు కొంత గర్వము కూడ కలిగినది. తోడి పిల్లలు వానిని పేరు పెట్టి పిలుచుట మానివేసిరని మాకు తెలియును. బకా యని పిలిచెడివారు. నవ్వితిమి. మేమును రెండుమూడు మారు లట్లు పిలిచితిమి.

గడచిన జ్యేష్ఠమాసములో, బడులు తెఱచిన వారమున, ఆ బాలుడు, ఇప్పు డతడు ముప్పదినాలుగేండ్లవాడు, గౌరవముగల యుద్యోగము చేసికొనుచున్నాడు, తన కూతును ఆఱవ తరగతిలో చేర్చుటకు మా పాఠశాలకు వచ్చెను. మేము సంతోషముతో ఎదురేగి, "ఏమిరా బకా!" అంటిమి. అతడు నమస్కరించెను. నవ్వెను. కాగితములు పూర్తియైనవి, రుసుము చెల్లించెను. వెళ్లబోవుచు, కూతును వరండాలో నుండుమని, ఒంటరిగా వెనుకకు వచ్చి, మిక్కిలి వినయముగా, "మాష్టారూ, ఒక్క మనవి. మా అమ్మాయికి నాటకంలో వేషం ఇవ్వకండి" అనెను. ఎందులకని మే మడుగలేదు. అడుగవలసిన పని లేకపోయెను. ఆ బాలిక తండ్రి పోలిక.

శ్రావణమాసములో, ఆ బొమ్మల పుస్తకమును రెండవమారు చదువుచు పశువుల దొంగ పుట కడకు వచ్చినపుడు మేమేల నవ్వలేకపోతిమో చదువరులకు ఇప్పుడు తెలిసియుండును.

అయినను మా తప్పిదమును జూచి మేము దయార్ద్రులమై వారియోను నిర్దోషిగా విడిచిపెట్టుట న్యాయము గాదు. ఇట్లు చేయుటయు నొకవిధమైన గర్వమే. ఎదుటివాని దోషమునకుగూడ మేమే కర్తలమని చెప్పుకొనుట. మా శిష్యుడు కోట నాక్రమింపలేదు. ఎవరిమీదను పగ తీర్చుకొనలేదు. తన కూతును కాపాడుకొనెను, అంతే. ఒకే గాయమునుండి ఒకడు మాయావి కాగా, మఱియొకడు జాగరూకుడైన తండ్రి యయ్యెను. కావున గాయము మనుష్యుని నిర్ణయింపదు. వారియో చేసిన పని వారియోది. వానిచేత మాయలో పడిన ప్రజలు వానిని ఎన్నడును పశువుల దొంగ యని పిలువలేదు. వారికేమి సంబంధము? కారణము చెప్పుట వేఱు, క్షమించుట వేఱు. వైద్యుడు జ్వరమునకు కారణము చెప్పినంతమాత్రమున జ్వరము మంచిదని చెప్పినట్లు గాదు.

ఆటను బొమ్మల కథతో కలిపి చూచినపుడు ఇంకొక విషయము బయటపడును. కోటలో వారియో చేసినదేమి? ప్రజలచేత తానే ప్రభువనియు, మారియోయే శత్రువనియు నమ్మించెను. ఇది పెరటిలోని యాటయే! షెరీఫును దొంగను చేసి, దొంగ షెరీఫయ్యెను. వేషములు తారుమారైనవి గాని ఆట మారలేదు. తనను బాధించిన యేర్పాటును వారియో అసహ్యించుకొనలేదు. దానిలో పైమెట్టు తనకు దక్కలేదని మాత్రమే దుఃఖించెను. అణచబడినవాడు అణచువాని టోపిని తలక్రిందు చేసి పెట్టుకొనుటయే విముక్తి యని భ్రమపడును. మన సంస్కారోద్యమములలో ఇట్టి టోపీలను మే మనేకము చూచితిమి. అత్తచేత బాధపడిన కోడలు అత్త యగునాటికి ఏమి చేయునో చదువరులకు మేము చెప్పనేల?

నవ్వించు ప్రతినాయకుని కడపట ఏమి చేయవలెనను ప్రశ్నను మహాకవులును ఎదుర్కొనిరి. ఆంగ్లకవి షేక్స్పియరు 'ట్వెల్ఫ్త్ నైట్' అను నాటకములో మాల్వోలియో యను గృహాధికారిని కల్పించెను. డాంబికుడు, పైవాడు కావలెనని కలలు గనువాడు. తోడివారు దొంగయుత్తరము వ్రాసి, పసుపుపచ్చని మేజోళ్లు తొడిగించి, పిచ్చివాడని చీకటిగదిలో బెట్టి నవ్వుకొందురు. కడపట అందఱకును వివాహములు. వాడొక్కడు పగ తీర్చుకొందునని చెప్పి వెడలిపోవును. తెఱ పడును. వాని పగ యేమయ్యెనో కవి చెప్పలేదు. ఆ ఖాళీస్థలములో నిలిచియున్నవారిలో వారియో యొకడని మాకు తోచుచున్నది.

మన శూద్రకుడు మఱియొక దారి త్రొక్కెను. మృచ్ఛకటికములోని శకారుడు రాజుగారి బావమఱది. సకారము పలుకలేడు, పురాణకథలను కలగాపులగముగా చెప్పును, వానిని జూచి నవ్వని ప్రేక్షకుడు లేడు. వాడే వసంతసేన గొంతు నులిమి, ఆ నేరమును చారుదత్తునిమీద మోపి, వానిని వధ్యస్థానమునకు పంపును. నవ్వించినంతమాత్రమున వాని దుష్టత్వము తగ్గలేదు, శూద్రకుడు తగ్గింపలేదు. తుదకు సత్యము వెల్లడియైనపుడు ప్రజలు వానిని ఈడ్చుకొని వత్తురు. చంపుడని కేకలు. వాడు చారుదత్తుని పాదములమీద పడును. చారుదత్తు డభయ మిచ్చి విడిపించును. ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. చారుదత్తుడు శకారునికి ఏ యపకారమును చేయలేదు. అపకారము పడినవాడు క్షమించెను. మారియో సంగతి యట్లు గాదు. వాడు పడినవాడును, చేసినవాడును గూడ. కోట పోగొట్టుకొన్న మారియో క్షమింపవచ్చును. వేషములు పంచిన మారియో క్షమాపణ వేడవలసియున్నది. ఈ రెండును ఒకే నోటినుండి రావలెను. మొదటిది చెప్పుట గౌరవము. రెండవది చెప్పుట కష్టము. చాలమంది మొదటిది చెప్పి రెండవదియు చెప్పినట్లే భావించి యింటికి పోవుదురు.

వారియో తరువాత ఏమయ్యెనో వినుట వేడుకగా నుండును. ఇతరుల పాత్రతో ఆటలు చేయవలసివచ్చెనే యను విసుగునుండి ఆ శిల్పులకు వారియో పుట్టెనని ప్రసిద్ధి. అనగా వానిని చేసినవారికే ఎవరి పెరటిలోనో ఆడుకొనుచున్నామను దుఃఖ ముండెనన్నమాట. 1994లో 'వారియో లాండ్' అను నాటలో వారు వానినే నాయకుని చేసిరి. వాడు మంచివాడయ్యెనా? లేదు. కోట కొనుటకు ధనము కావలెనని, దొంగలెత్తుకొనిపోయిన రాకుమారి బంగారుబొమ్మను తెచ్చి సొమ్ము చేసికొనవలెనని బయలుదేరును. ఆ బొమ్మ తుదకు వానికి దక్కదు; మారియో వచ్చి పట్టుకొనిపోవును. అయితే దీపములోని భూతమొకటి వానికి ఇల్లు కట్టియిచ్చును. ఆడువాడు ఎంత ధనము కూడబెట్టెనో అంతకు తగిన యిల్లు: కొద్దియైన పక్షిగూడు, ఎక్కువైన కోట. 2003లో 'వారియోవేర్' వచ్చునప్పటికి తానే గేముల సంస్థ నొకటి స్థాపించి, స్నేహితులచేత పని చేయించుకొని జీతమెగవేయు యజమాని యయ్యెను! లోభము పోలేదు, తిండిపోతుతనము పోలేదు. అయినను ఒక్కటి మారినది. ఆ యాటలలో వాడు మారియోను ద్వేషించుటకు గాక, తనకొఱకు తాను తిరుగుచున్నాడు. వాని లోపములు వానివే. ఎవరి గుణములనో తలక్రిందు చేయగా వచ్చినవి గావు. మనుష్యుని సంస్కరించుటకు ముందు వానికి సొంత దోషములనైనను ఉంచుకొను స్వాతంత్ర్య మియ్యవలెనేమో! ఈ మాట కొందఱు సంస్కర్తలకు రుచింపదు. మాకును ఒకప్పుడు రుచింపలేదు.

నాల్గవనాడు బాలునికి పుస్తకము తిరిగి యిచ్చితిమి. వాడు భయపడుచు అందుకొని, మా ముఖములో కోపము లేకుండుట చూచి ధైర్యము తెచ్చుకొని, "మాష్టారూ, మీరు కూడా చదివారా?" అనెను. చదివితిమంటిమి. "వారియో మంచోడా, చెడ్డోడా అండీ?" అని అడిగెను. నీ వేమనుకొనుచున్నావని మేము తిరిగి యడుగగా వాడు కొంచె మాలోచించి, "నేనైతే వాడికి ఒకసారి షెరీఫు ఇచ్చేవాణ్ణండి. తర్వాత కూడా కోట లాక్కుంటే అప్పుడు కొట్టేవాణ్ణి" అనెను. రెండుమారులు చదివి, రాత్రియంతయు మేలుకొని మేము తేల్చిన దింతకంటె ఎక్కువ లేదు.

మా పాతశిష్యుని యింటికి పోయివచ్చితిమి. ఏమి మాటాడితిమో వ్రాయుట తగదు. చాలసేపు కూర్చుంటిమి, అతని తల్లి కాఫీ యిచ్చినది. ఈసారి అతనిని అతని పేరుతో పిలిచితిమి. ఆ పేరు నోటికి వెంటనే రాలేదు.

ఈ యేటి వార్షికోత్సవమునకు 'సక్కుబాయి' వేయుద మని సహోపాధ్యాయు లనుచున్నారు. పాత్రల పట్టిక మా బల్లమీద నున్నది. ఇంకను పేర్లు వ్రాయలేదు. ఆఱవ తరగతిలో మూడవ వరుసలో కూర్చుండు ఆ బాలిక నిన్న మధ్యాహ్నము విరామసమయమున వేపచెట్టు క్రింద స్నేహితురాండ్రకు పద్యము పాడి వినిపించుచుండెను. మేము వరండాలో నిలువబడి వింటిమి. శ్రుతి తప్పలేదు. ఆమె మమ్ము చూచి పాడుట మానివేసినది.